ఏడు బారల లోతున కన్నం

సెప్టెంబరు 6, ఆదివారం

పోటీకి వచ్చే ప్రతి జట్టూ ఒక పని పుస్తకం రాయాలట. ఏ రోజు ఏం చేశాం, ఏది పాడైంది, ఎలా బాగుచేసుకున్నాం, అన్నీ తేదీ వేసి పెన్నుతో రాయాలి. దానికి వందలో ఇరవై మార్కులు. నాయకురాలిని నేను కాబట్టి ఆ రాత నా నెత్తిన పడింది. నా పేరు మైలపల్లి నూకరత్నం. గట్టుపేట దిగువ వీధి బడిలో పదకొండో తరగతి. నాకు రాయడం ఇష్టం ఉండదు. కోపం వచ్చినప్పుడు మాత్రం బాగా రాస్తానని మా లాజరు మాస్టారు అంటారు. గట్టుపేటలో కోపానికి కరువు లేదు కాబట్టి పుస్తకం నిండుతుందనే అనుకుంటున్నాను.

ముందు యంత్రం సంగతి. అది నీళ్ళలోకి దిగి, అడుగున పెట్టిన ఐదు కడియాలు ఏరుకొచ్చి, చిప్పలు పట్టిన ఒక చక్రాన్ని గీకి తిప్పాలి. పదిహేను నిమిషాలు టైము. ఎగువ మిట్ట బడి వాళ్ళకు పెట్టెలో సర్దిన సామాను వచ్చింది, మరమేకులతో సహా. మాకు పాత ఇనప సామాను కొట్టు ఉంది. జట్టులో సింహాద్రి, సువార్త, నేను, ముగ్గురమే. పీవీసీ గొట్టాలతో చట్రం కట్టాం. పడవల్లో నీళ్ళు తోడే చిన్న పంపులు నాలుగు విప్పి, సింహాద్రి వాటికి రెక్కలు బిగించాడు. ఫోను కెమెరాను ఆవకాయ సీసాలో పెట్టి, మూతకు సైకిలు ట్యూబు ముక్కా గ్రీజూ పట్టించింది సువార్త. ముందు వైపు రెండు కొబ్బరి కోరాలు మీసాల్లా పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి దానికి మీసాల చేప పేరు, జెల్ల అని పెట్టాం. దరఖాస్తు తీసుకున్న గుమస్తా ఆ పేరు చదివి నవ్వాడు. ఎగువ మిట్ట వాళ్ళ యంత్రం పేరు సాగరనేత్ర. దానికి నవ్వలేదు.

ఈ రోజు జెల్లకు తోక కట్టాం. తోక అంటే పైనుంచి కరెంటూ బొమ్మా నడిచే తీగ. సువార్త రెండు చేతులూ బారజాపి కొలుస్తూ, బారకొక ఎర్ర దారం ముడి వేసింది. మొత్తం పన్నెండు బారలు.

గెలిచిన బడికి నీటి లైసెన్సు ఇస్తారు. అది ఉంటే మా యంత్రం గట్టు పనికి వెళ్ళొచ్చు. ఈ ఊళ్ళో అంతకంటే పెద్ద సంగతి లేదు. గట్టుకు అవతల సముద్రం, ఇవతల సముద్రం కంటే పల్లంలో మా వీధి. మా అమ్మ కాసులమ్మ ఇరవై రెండేళ్ళు ఆ గట్టును నీటి అడుగున తడిమి చూసిన మనిషి. ఎనిమిదేళ్ళ క్రితం చట్టం వచ్చింది. నీటి అడుగుకు మనిషి దిగకూడదు, యంత్రాలే దిగాలి, మన క్షేమం కోసమే. అప్పటి నుంచి అమ్మ రొయ్యలు ఒలుస్తోంది. తీర రక్షణ మండలి యంత్రాలు గట్టు చుట్టూ తిరుగుతాయి, సోమవారం సాయంత్రం వీధి మొగలో పచ్చ దీపం వెలుగుతుంది, మళ్ళీ సోమవారం దాకా అలాగే ఉంటుంది. పచ్చ అంటే గట్టు భద్రం.

పుస్తకంలో ప్రతి రోజుకూ కింద 'నేర్చుకున్న పాఠం' అని ఒక గడి ఉంది. నేర్చుకున్న పాఠం: గ్రీజు జుట్టుకు అంటితే సబ్బుకు వదలదు.


సెప్టెంబరు 9, బుధవారం

సింహాద్రి వాళ్ళ నాన్న పడవ అడిగి తీసుకుని, మా వీధిని కాచే ఆరో నంబరు గట్టు పక్కన జెల్లను దింపాం. అక్కడ నీళ్ళు కాస్త నిలకడగా ఉంటాయి. నడిపేది నేను, తీగ వదిలేది సువార్త, బొమ్మ చూసేది సింహాద్రి. మొదట బాగానే దిగింది. తర్వాత ఎడమ పంపు మొరాయించి, జెల్ల పక్కకు తిరిగి గట్టుకు గుద్దుకుంది. కోరాలు చిప్పల్లో ఇరుక్కున్నాయి. నేను వెనక్కి లాగాను. గోడకు తెరలా వేలాడుతున్న ఆల్చిప్పల గుత్తి ఒకటి ఊడి కింద పడింది.

దాని వెనక రాయి లేదు. చీకటి ఉంది. జెల్ల దీపం ఆ చీకట్లోకి పోయింది కానీ ఎక్కడా తగల్లేదు. సువార్త చేతిలోని తీగను చూస్తే ఏడు ఎర్ర ముళ్ళు నీళ్ళలో ఉన్నాయి.

ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. రొయ్య ఒలుస్తున్న చెయ్యి ఆగింది.

"నలక లోపలికెల్తందా, బయటికొత్తందా?"

ఆ ప్రశ్న మాకు తట్టనే లేదు. దాచిన బొమ్మను మళ్ళీ వేసి చూపించాను. నీళ్ళలో తేలే నలకలన్నీ వరస కట్టి ఆ కన్నంలోకే పోతున్నాయి.

"లోపలికే," అన్నాను.

"అయితే మన ఈది కిందకే. గట్టు అడుగున ఇసక కోసుకుపోతంది." అమ్మ చేతులు కడుక్కుని నేల మీద అరచెయ్యి పెట్టి చూసింది. వారం నుంచి మా వంటింట్లో గచ్చు ఆరడం లేదు. సువార్త వాళ్ళ ఇంట్లోనూ అంతే. తేమ అనుకున్నాం. "అమాస పోటు ఎప్పుడే?"

క్యాలెండరు చూశాను. ఇరవై ఆరో తేదీ, శనివారం.

"ఆ పోటుకి గట్టు ఆగదు. దానికి ముందే పూడ్చాలి," అంది అమ్మ. మా వీధిలో అరవై ఒక్క ఇళ్ళున్నాయి.


సెప్టెంబరు 11, శుక్రవారం

మండలి ఆఫీసుకు వెళ్ళాం. ఆరో నంబరు గట్టు ఇంజనీరు పరాంకుశం గారు. మంచి మనిషిలాగే మాట్లాడతారు, అదే ఆయనతో చిక్కు. మమ్మల్ని కూర్చోబెట్టారు. మంచినీళ్ళు ఇప్పించారు. బొమ్మ చూశారు. చూసి, "ఆవకాయ సీసాలోంచి తీసిన బొమ్మ కదా అమ్మాయీ, నీడలు ఇలాగే ఉంటాయి," అన్నారు.

"నలకలు లోపలికి పోతున్నాయండి."

"ఫిర్యాదు నింపు. లోతు ఎంత?"

"ఏడు బారలండి."

ఆయన కలం ఆపి నవ్వారు. "బార అనే కొలత మండలి పట్టికలో లేదు."

గుమస్తా ఏదో పాత పుస్తకం తిరగేసి బార అంటే ఒక మీటరు ఎనభై మూడు సెంటీమీటర్లని తేల్చాడు. పరాంకుశం గారు గుణించి, పన్నెండు పాయింట్ ఎనిమిది అని రాసి, ముద్ర వేసి, రసీదు నా చేతిలో పెట్టారు. సోమవారం యంత్రాన్ని పంపుతామన్నారు. నవ్వితే నవ్వారు, పని జరిగింది కదా అనుకుంటూ వచ్చాను.

నేర్చుకున్న పాఠం: అలా అనుకోకూడదు. ఇది 14న రాస్తున్నాను.


సెప్టెంబరు 14, సోమవారం

పొద్దున మండలి యంత్రం వచ్చింది. గట్టుకు ఐదు మీటర్ల దూరంలో నిలబడి, సరిగ్గా పన్నెండు పాయింట్ ఎనిమిది మీటర్ల లోతుకు దిగి, అటూ ఇటూ చూసి, పైకి వచ్చి వెళ్ళిపోయింది. సాయంత్రం పచ్చ దీపం వెలిగింది. గట్టు దిట్టంగా ఉందని కాగితం అంటించారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, "ఏమ్మా ఇంజనీరమ్మా, కన్నం పూడిందా?" అని నన్ను ఆటపట్టించారు. వాళ్ళ మీద కోపం రాలేదు. భద్రం అంటే ఎవరికి సంతోషం ఉండదు?

అమ్మ మాత్రం ఆ తీగ తెమ్మంది. వాకిట్లో నిలబడి, తన చేతులు బారజాపి, సువార్త ముళ్ళ పక్కనే కొలుచుకుంటూ పోయింది. సువార్త ఏడు బారలు అమ్మకు ఆరు కూడా కాలేదు.

"ఇది ఎవురు కొలిసేరే?"

సువార్త చెయ్యెత్తింది. సువార్త మా ముగ్గురిలోకీ పొట్టిది. నా భుజం దాకా వస్తుంది.

మా వాళ్ళలో తాడు ఎవరిదైతే బార వాళ్ళదే. ఎవరి పడవకు వాళ్ళు కొలుచుకుంటారు, ఎవరి లోతు వాళ్ళకు తెలుసు, నీ చేతులు ఎంత పొడుగు అని ఇంకొకరిని అడిగే అవసరం తాతల నాటి నుంచీ రాలేదు. అదే అలవాటుతో నేను వెళ్ళి మండలి బల్ల ముందు ఏడు బారలు అని ధీమాగా చెప్పాను. వాళ్ళ పుస్తకంలోని బార ఎవరో ఆరడుగుల మగవాడిది. టేపు తెచ్చి కొలిస్తే కన్నం పది మీటర్ల నలభై దగ్గర ఉంది. యంత్రం దానికి రెండు మీటర్ల పైచిలుకు కిందకు పోయి, బాగున్న రాయిని చూసి, బాగుందని చెప్పింది.

సువార్త ఏడ్చింది. నేను ఏడవలేదు. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. పదకొండో తరగతి చదువుతున్నాను, ఇంట్లో టేపు ఉంది.


సెప్టెంబరు 15, మంగళవారం

లాజరు మాస్టారిని వెంటపెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. లోతు తప్పు చెప్పాం, తప్పు మాదే, సరైనది పది పాయింట్ నాలుగు, ఇంకొక్కసారి చూడండి అని అడిగాను. తప్పు ఒప్పుకుంటే పెద్దవాళ్ళు మెచ్చుకుంటారని చిన్నప్పటి నుంచీ చెప్తూ వచ్చారు కదా.

పరాంకుశం గారు ఫైలు తెరిచి చూపించారు. ఒక గట్టుకు ఒక రుతువులో ఒక్క ఫిర్యాదే తీసుకుంటారట. ఆరో నంబరుకు మాది అయిపోయింది. మళ్ళీ నవంబరులో.

"పోటు ఈ నెల ఇరవయ్యారునండి."

"ప్రతి అమావాస్యకూ పోటు వస్తుంది అమ్మాయీ. గట్టు ముప్పై ఏళ్ళుగా ఉంది. నువ్వు ఇచ్చిన తప్పు లెక్కకు మండలి యంత్రం ఒక పూట వృథా అయింది, దాని గురించి నేను ఎక్కడా రాయలేదు. ఇంకో మాట. విద్యార్థుల యంత్రాలు గట్టుకు పది మీటర్ల లోపలికి పోకూడదు. పోయినట్టు నువ్వే బొమ్మ తెచ్చి చూపించావు. నేను చూడలేదనుకుంటాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ ఇల్లు ఎక్కడండి?" అని అడిగాను. ఎగువ మిట్టలో అని ఆయన చెప్పకముందే లాజరు మాస్టారు లేచి, "చిన్నపిల్లండి, క్షమించండి," అని నన్ను బయటికి లాక్కొచ్చారు.

బయట ఆయన మీద పడ్డాను. "మీరెందుకండీ క్షమాపణ చెప్పడం?"

"నాది ఏడాదికేడాది కొత్తగా రాసే ఉద్యోగం తల్లీ. సంతకం పెట్టేది ఆ ఆఫీసే," అన్నారు. వీధి మొగ దాకా నడిచాం. అక్కడ ఆగి, ఎటో చూస్తూ అన్నారు. "పోటీ ఇరవై నాలుగున. వేదిక ఆరో నంబరు గట్టు మీదే కడుతున్నారు. యంత్రం చూసేదంతా పెద్ద తెర మీద జనానికి కనబడుద్ది. నీళ్ళలో యంత్రాన్ని ఎటు నడపాలో నాయకురాలి ఇష్టమని నాలుగో నిబంధనలో ఉంది. సదివేవా?"

చదవలేదు. ఇంటికి వచ్చి చదివాను. ఉంది.


సెప్టెంబరు 20, ఆదివారం

సింహాద్రికీ నాకూ గొడవ.

వాడి మాట ఇది. ముందు కడియాలు తీద్దాం, చక్రం తిప్పుదాం, గెలుద్దాం. లైసెన్సు చేతికి వచ్చాక మన యంత్రమే అధికారికంగా గట్టు చూస్తుంది, అప్పుడు ఎవడూ కాదనలేడు.

"లైసెన్సు కాగితం నెల రోజులకు వస్తుంది. పోటీ అయిన రెండు రోజులకే పోటు వస్తుంది," అన్నాను.

"మా నాన్న అప్పు మీద కొన్న పడవ మనకిచ్చాడే. గెలుత్తామని ఈదంతా సెప్పుకున్నాడు."

"మీ నాన్న పడుకునేది ఎక్కడరా? ఆ ఈదిలోనే కదా."

వాడు స్పానరు విసిరేసి వెళ్ళిపోయాడు. గంట తర్వాత వచ్చి, విసిరిన స్పానరు వెతుక్కుని, ఎడమ పంపు బిగించడం మొదలుపెట్టాడు. సువార్త కొత్త తీగ తెచ్చి, టేపుతో మీటరు మీటరుకూ ముడి వేసింది. మూడుసార్లు కొలిచింది. మమ్మల్ని కూడా కొలిచి చూడమంది.

వంటింట్లో ఇప్పుడు పీట కాళ్ళ కింద ఉప్పు తెల్లగా పేరుతోంది. రోజూ గీకేస్తున్నాం.


సెప్టెంబరు 24, గురువారం

గట్టు మీద రంగు గుడ్డలతో వేదిక, మూడు వరసల మెత్తటి కుర్చీలు, గుండెకు అరిటాకంత రిబ్బను పువ్వు పెట్టుకున్న మండలి అధ్యక్షుల వారు, పక్కన పరాంకుశం గారు. మా వీధి జనం గట్టు మెట్ల మీద కూర్చున్నారు. వేదిక పక్కన ఇంటి గోడంత తెర.

సాగరనేత్ర తొమ్మిది నిమిషాల్లో ఐదు కడియాలూ తెచ్చింది. చప్పట్లు. మా వంతు వచ్చింది. జెల్లను దింపాను. అడుగున కడియాలు మెరుస్తూ కనిపించాయి. వాటి మీదుగా పోనిచ్చి, గట్టు వైపు తిప్పాను.

"పోటీ స్థలం అటు కాదు," అని మైకులో అన్నారు. ఒకసారి మర్యాదగా, ఇంకోసారి గట్టిగా. సువార్త ముళ్ళు లెక్కపెడుతోంది. ఎనిమిది, తొమ్మిది, పది. తెర నిండా ఆల్చిప్పలు వచ్చాయి. కన్నం కనబడలేదు. రెండు వారాల్లో పక్క గుత్తులు జారి దాన్ని మళ్ళీ కప్పేశాయి. కోరాలు ఆనించి, నాలుగు పంపులూ వెనక్కి తిప్పాను. ఒక గుత్తి ఊడింది. ఇంకొకటి. ఆ తర్వాత తెర మొత్తం నల్లగా అయింది. నలకలు ఏరులా లోపలికి పోతున్నాయి.

మెట్ల మీది జనం తెర వైపు జరిగారు.

పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. గొంతు పెంచలేదు. "అది నీడ. ఈ జట్టు ఇంతకు ముందు కూడా తప్పు కొలతలతో ఫిర్యాదు చేసింది. తెర ఆపండి," అన్నారు. అధ్యక్షుల వారు తల ఊపారు. తెర దగ్గరి మనిషి లేచాడు. నేను అన్ని రోజులూ మనసులో తిట్టుకున్న తిట్లలో ఒక్కటి కూడా బయటికి రాలేదు.

మా అమ్మ మెట్లు దిగి వచ్చింది. చీర కుచ్చిళ్ళు వెనక్కి దోపుకుని, కొంగు నడుముకు బిగించి ఉంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండుసార్లు లోతుగా ఊపిరి తీసి, మూడోది పట్టి, గట్టు అంచు నుంచి నీళ్ళలోకి దిగిపోయింది. ఎనిమిదేళ్ళ తర్వాత.

"మనిషి దిగింది, తెర ఆపకండి, మనిషి దిగింది," అని లాజరు మాస్టారు తెర మనిషి చెయ్యి పట్టుకున్నారు.

జెల్ల దీపంలో ముందు అమ్మ పాదం కనబడింది, తర్వాత వెనక్కి తేలుతున్న జుట్టు. అమ్మ ఎడం చేత్తో జెల్ల చట్రాన్ని పట్టుకుని, కుడి చెయ్యి కన్నంలో పెట్టింది. మోచేయి పోయింది. భుజం పోయింది. తర్వాత తల వంచి నడుము దాకా లోపలికి పోయింది. నీళ్ళు లాగుతున్నాయి, ఆమె కాళ్ళు గట్టు వైపు ఊగిపోయాయి. చట్రం వదిలి, ఊరంతా చూస్తుండగా, రెండు చేతులూ బారజాపింది. ఇటు వేళ్ళూ రాయికి తగల్లేదు, అటు వేళ్ళూ తగల్లేదు. మా అమ్మ నిండు బార ఆ గట్టులో పట్టింది, ఇంకా ఖాళీ మిగిలింది.

ఆమె వెనక్కి రాలేకపోతోందని నాకు అప్పుడు అర్థమైంది. జెల్లను కాళ్ళ దగ్గరకు తోశాను. కోరం ఆమె కుచ్చిళ్ళలో చిక్కుకుంది. "లాగండి," అన్నాను. సింహాద్రీ సువార్తా తీగ పట్టుకుని వెనక్కి పడ్డట్టు లాగారు, సింహాద్రి వాళ్ళ నాన్న వచ్చి పట్టాడు, మెట్ల మీది వాళ్ళు వచ్చి పట్టారు. జెల్ల ముందు భాగం విరిగిపోయింది కానీ అమ్మ బయటికి వచ్చింది.

పైకి వచ్చి, దగ్గి, ఉప్పు నీళ్ళు కక్కి, పరాంకుశం గారి వైపు చూసి అంది. "నీడ కాదండి. నేను దూరేనండి."

తర్వాత ఐదు నిమిషాల్లో వేదిక ఖాళీ అయింది. వాళ్ళ కుర్చీలు సరిగ్గా ఆ కన్నం మీదే ఉన్నాయని ఎవరో అన్నారు, అంతే. సాంకేతిక కారణాల వల్ల కార్యక్రమం వాయిదా అని మైకు చెప్పింది. ఎగువ మిట్ట దాకా కార్లు వరసగా పోయాయి. వెళ్తూ వెళ్తూ నీళ్ళలోకి దిగిన నేరానికి మా అమ్మను మాత్రం తీసుకుపోయారు. తడి బట్టలతోనే.

దిగువ వీధి ఖాళీ చెయ్యమని ఎవరూ చెప్పలేదు. సాయంత్రం వీధి మొగలో దీపం చూశాను. పచ్చగా ఉంది. అది మారేది సోమవారమేనట.


సెప్టెంబరు 25, శుక్రవారం

ఇంటింటికీ తిరిగాం. కొందరు నమ్మలేదు. దీపం పచ్చగా ఉంది కదమ్మా అన్నారు. అమ్మతో పాటు గట్టు పని చేసిన ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి ఒక్క మాట చెప్పారు. "కాసులమ్మ సెయ్యెట్టి సూసింది." అది విన్నాక పెట్టెలు సర్దడం మొదలుపెట్టారు.

పైకి పోవడానికి చోటు కావాలి. ఎగువ మిట్ట బడి హాలుకు తాళం వేసి ఉంది. తాళం చెవి మండలిలో ఉంది, మండలికి ఈ రోజు సెలవు. లాజరు మాస్టారు రాయి తెచ్చి తాళం పగలగొట్టారు. మూడు దెబ్బలు పట్టింది. నేను ఆయన్ని ఆ రోజు అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ మాట ఆయనకే చెప్పాను.


సెప్టెంబరు 26, శనివారం

పొద్దున తొమ్మిదిన్నరకు పోటు నిండింది. తొమ్మిది నలభైకి ఆరో నంబరు గట్టు పడిపోయింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. వేదిక ముందు వంగింది, రంగు గుడ్డలతో సహా లోపలికి కూర్చుంది, ఆ చోటు నుంచి సముద్రం మా వీధిలోకి నడిచి వచ్చింది. హాలు కిటికీల దగ్గర నిలబడి అందరం చూశాం. మా ఇల్లు నాలుగోది. మొదటి మూడూ పోయాక ఎంతసేపు పట్టిందో నేను చూడలేకపోయాను.

అరవై ఒక్క ఇళ్ళు. మనిషి ఒక్కరూ పోలేదు.

దీపానికి సొంత బ్యాటరీ ఉంది. మునిగాక కూడా నీళ్ళ అడుగు నుంచి పచ్చగా వెలుగుతూనే ఉంది.


సెప్టెంబరు 30, బుధవారం

పరాంకుశం గారు హాలుకు వచ్చారు. దుప్పట్ల మధ్య నుంచి జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చి, నా ఎదురుగా కింద కూర్చున్నారు. మనిషి చిక్కిపోయారు. సంచిలోంచి కొత్త పని పుస్తకం ఒకటి, పెన్ను ఒకటి తీసి పెట్టారు.

"పాతది తడిసిపోయి ఉంటుంది కదా," అన్నారు.

"తడవలేదండి. చంకలో పెట్టుకుని వచ్చాను."

ఆయన వచ్చిన పని చెప్పారు. రాజధాని నుంచి విచారణ సంఘం వచ్చిందట, రేపటి నుంచి కూర్చుంటుందట. మా జట్టుకు మొదటి బహుమతి ఇవ్వాలని మండలి అనుకుంటోందట. లైసెన్సు కూడా. మా అమ్మ మీద కేసు కొట్టేస్తారట, గట్టు పనిలో సలహాదారుగా తీసుకుంటారట. అన్నీ 'ట' లే, ఇది నా మాట అని ఆయన ఒక్కటీ అనలేదు. దానికి మేం చేయవలసింది చిన్న పని. పని పుస్తకం శుభ్రంగా తిరగ రాయాలి. కన్నం మొదటిసారి కనబడింది పోటీ రోజున అని ఉండాలి.

"తొమ్మిదో తేదీన కనబడిందండి. పదకొండున మీ బల్ల ముందు చెప్పాను. పదిహేనున మళ్ళీ చెప్పాను."

"చెప్పిన లోతు తప్పు. అది కూడా అందులో ఉంటుంది. విచారణలో ముందు అడిగేది నిన్నే అమ్మాయీ. తప్పు కొలత ఇచ్చింది ఎవరు అంటే నీ పేరు, ఆ పొట్టమ్మాయి పేరు వస్తాయి. ఎందుకది? నాకూ కూతురుంది, నీ ఈడుదే."

ఆయన అబద్ధం చెప్తున్నారనిపించలేదు. నిజంగానే జాలి పడుతున్నారు. ఆ జాలికే నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. పుస్తకం, పెన్ను తీసుకుని ఆలోచిస్తానని చెప్పాను. నేను మంచిపిల్లనని ఆయన తల ఊపి వెళ్ళారు.


అక్టోబరు 1, గురువారం

పొద్దున మండలి ఠాణాకు వెళ్ళి అమ్మను చూశాను. కటకటాల వెనక పెట్టలేదు, ఒక గదిలో బల్ల మీద కూర్చోబెట్టారు. ఎవరిదో పాత చీర కట్టుకుని ఉంది. భుజం మీద రాయి గీసిన గాయం ఎండుతోంది. మూడు నెలలు పడొచ్చని చెప్పారట. ఊరికి జరిగింది ఆమెకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అందరూ బతికారని చెప్పాను. పేరు పేరునా అడిగింది, పేరు పేరునా చెప్పాను.

తర్వాత పరాంకుశం గారి మాట చెప్పాను. ఏమీ దాచలేదు. నాకు ఆమె బయటికి రావాలని ఉందని కూడా చెప్పాను. రాత్రిళ్ళు హాల్లో నా పక్క చోటు ఖాళీగా ఉంచుతున్నానని చెప్పాను.

"ఏం రాయమంటన్నాడు?"

"పోటీ రోజునే కన్నం కనబడిందని. అలా రాస్తే నిన్ను వదిలేత్తారంట. ఇంటికొచ్చేయొచ్చంట."

అమ్మ నా వైపు చూసింది.

"ఏ ఇంటికే?" అంది.

టైము అయిందని మనిషి వచ్చేదాకా నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

హాలుకు వచ్చి సువార్తను అడిగాను. బార సంగతి బయటికి వస్తుంది, నీ పేరు వస్తుంది, ఏం చెయ్యమంటావు అన్నాను. రాయమంది. తన పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయమంది. సింహాద్రి పక్కన కూర్చుని తేదీలు చదివి వినిపించాడు. పరాంకుశం గారి కొత్త పుస్తకంలో, ఆయన పెన్నుతో, మొదటి రోజు నుంచి అంతా మళ్ళీ రాశాను. నా కుదురైన చేతి రాతతో, ఒక్క కొట్టివేత లేకుండా. తొమ్మిది తొమ్మిదిగానే ఉంది, పదకొండు పదకొండుగానే ఉంది. ఏడు బారలు అని నేను చెప్పిన మాటా, పట్టికలో లేదని ఆయన నవ్విన నవ్వూ ఉన్నాయి.

ఇప్పుడు రెండు పుస్తకాలున్నాయి. కొత్తది పరాంకుశం గారికి ఇస్తాను, శుభ్రంగా రాయమని అడిగింది ఆయనే. ఈ పాతది విచారణ వాళ్ళకు. మధ్యాహ్నం రెండింటికి నా పేరు పిలుస్తారు. పిలిచాక లోపలికి వెళ్ళి, ముందు నా తప్పు చెప్తాను, ఆ తర్వాత వాళ్ళది చెప్తాను.